ఇంట్లోనే గిటార్ పెడల్ కట్టుకునేవాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

గిటారుకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య పెట్టి, కాలితో తొక్కి శబ్దం మార్చుకునే డబ్బానే పెడల్ అంటారు. కడపలో నేను పెడల్స్ కట్టడం మొదలుపెట్టినప్పటి నుంచి అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. చర్చిలో వాయించే పిల్లలు ఫోన్ చేస్తారు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో లీడ్ వాయించే ఒకాయనైతే డబ్బా చేత్తో పట్టుకుని నేరుగా ఇంటికే వచ్చేస్తాడు. అందుకని అన్నీ ఒకచోట రాసిపెట్టాను. పని నడిచే వరసలోనే సర్దాను గానీ, మీకు ఏది కావాలో అదొక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## మొదలుపెట్టే ముందు

అన్నా, ఎలక్ట్రానిక్స్ ఒక్క ముక్క రాదు. నేను చేయగలనా?

చేయగలవు. బొమ్మ చూసి ఏ కాలు ఏ బెజ్జంలోకి పోవాలో పోల్చుకోగలిగితే మొదటి పెడల్ వచ్చినట్టే. అది ఎందుకు మోగుతోందనేది తర్వాత తెలుస్తుంది. ఇంకా నిజం చెప్పాలంటే, మోగనప్పుడే తెలుస్తుంది. ఓమ్ సూత్రాన్ని నేనూ పరీక్ష కోసం బట్టీ కొట్టినవాణ్ణే. మొదటి పెడల్ మూగబోయిన రోజున మల్టీమీటర్ పట్టుకుని కూర్చుంటే గానీ దాని అర్థం నాకు తలకెక్కలేదు.

మొదటిసారి ఏ పెడల్ కడితే మంచిది?

బూస్టర్. అంటే గిటారు సిగ్నల్‌ను పెంచే డబ్బా. 1960ల చివర్లో ఎలక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ తెచ్చిన ఎల్‌పీబీ-1 సర్క్యూట్ దీనికి బాగా కుదురుతుంది. ఒకే ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టర్లు, రెండు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, ఒక 100కే వాల్యూమ్ పాట్ (తిప్పే నాబ్). అంతే. బేస్ దగ్గర 430కే, 43కే, కలెక్టర్‌కు 10కే, ఎమిటర్‌కు 390 ఓమ్‌లు (ట్రాన్సిస్టర్ మూడు కాళ్ల పేర్లివి, కే అంటే వెయ్యి ఓమ్‌లు). 430, 43 మన కొట్లలో దొరకవు. వాటి బదులు 470కే, 47కే వేయండి. పదికి ఒకటి అనే నిష్పత్తి మారదు కాబట్టి బేస్ దగ్గర వోల్టేజీ కూడా దాదాపు అంతే వస్తుంది. సిగ్నల్ ఇరవై రెట్లకు పైగా పెరుగుతుంది, కాబట్టి మొదటిసారి వాల్యూమ్ పూర్తిగా తగ్గించి ఆన్ చేయండి.

డిలే, కోరస్ లాంటివి మొదటిదిగా పెట్టుకోవద్దు. ఎక్కడ తప్పు జరిగిందో వెతకడానికే నెల పడుతుంది, ఆ తర్వాత సోల్డరింగ్ ఐరన్ అటక ఎక్కుతుంది.

కొనేదానికంటే చవకగా పడుతుందా?

మొదటిది పడదు. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, డ్రిల్ బిట్లు అన్నీ దాని ఖాతాలోనే పడతాయి. మూడోదాని నుంచి చవక. అప్పుడు కూడా ఖర్చులో ఎక్కువ భాగం డబ్బాకు, ఫుట్ స్విచ్చుకే పోతుంది. లోపలి రెసిస్టర్లు, కెపాసిటర్లు చిల్లర డబ్బులతో వచ్చేస్తాయి.

షాక్ కొడుతుందా?

9 వోల్టులతో కొట్టదు. ఐరన్‌తో వేలు కాలడం మాత్రం ఖాయం. అయితే పెడల్ కట్టడం వచ్చింది కదా అని ట్యూబ్ ఆంప్లిఫయర్ విప్పకండి. ప్లగ్ పీకేసినా దాని కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

## సామాన్లు

కడపలో ఏం దొరుకుతాయి, ఏం తెప్పించుకోవాలి?

టీవీ, మిక్సీ రిపేరు చేసేవాళ్లకు సామాన్లు అమ్మే కొట్టుకు వెళ్లండి. పావు వాట్ రెసిస్టర్లు, కెపాసిటర్లు, బీసీ547, 4007 డయోడ్, డాట్ బోర్డు, ఐసీ బేస్, ఎల్ఈడీ అన్నీ ఉంటాయి. గిటార్ సాకెట్ అంటే అర్థం కాక మొహం చూస్తారు. "పీ-38 సాకెట్, మోనో" అనండి, వెంటనే తీసిస్తారు. మైకు సెట్టు వాళ్ల భాష అది.

దొరకనివి రెండు. తొమ్మిది కాళ్ల 3పీడీటీ ఫుట్ స్విచ్, అచ్చుపోసిన అల్యూమినియం డబ్బా. ఇవి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. డబ్బా అడిగేటప్పుడు 1590బీ, 125బీ అనే నంబర్లతో అడగండి. మొదటిది దాదాపు 112 బై 60 మిల్లీమీటర్లు, రెండోది కాస్త పెద్దది, లోతెక్కువ. మొదటిసారి కట్టేవాళ్లు 125బీ తీసుకోండి, వేళ్లు దూరడానికి చోటుంటుంది. చెన్నై పోయే పని పడితే రిచీ స్ట్రీట్‌లో ఒక పూట తిరగండి. అనంతపురం వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ కోఠీ దగ్గర.

బొమ్మలో 2ఎన్5088 ట్రాన్సిస్టర్ ఉంది. బీసీ547 వేయొచ్చా?

వేయొచ్చు, కానీ తిప్పి వేయాలి. చదును వైపు మీకు ఎదురుగా, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకోండి. బీసీ547కు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్5088, 2ఎన్3904 లకు ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. మధ్య కాలు రెండింటిలోనూ ఒకటే కాబట్టి బోర్డులో 180 డిగ్రీలు తిప్పి పెడితే సరి. తిప్పకుండా పెట్టినా కాలిపోదు, సన్నగా ఏడుస్తున్నట్టు మోగుతుంది. అందుకే ఈ తప్పు చాలామందికి దొరకదు. ఎక్కడో కెపాసిటర్ చెడిపోయిందని వెతుకుతుంటారు.

జెర్మేనియం ట్రాన్సిస్టర్లు వేస్తేనే ఫజ్ బాగుంటుందంట కదా?

బాగుంటుంది, చలిదేశంలో. ఫజ్ అంటే గిటారు శబ్దాన్ని బొంగురుగా, గరుకుగా మార్చే పెడల్. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్‌లో మొదట జెర్మేనియమే వాడారు. దాని గుణం ఏమిటంటే, వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే లీకేజీ (ఆగాల్సిన చోట కారిపోయే కరెంటు) దాదాపు రెట్టింపవుతుంది. జనవరిలో 25 డిగ్రీల గదిలో సరిచేసుకున్న పెడల్‌ను మే నెలలో 45 డిగ్రీల ఎండలో స్టేజీ మీద పెడితే లీకేజీ నాలుగు రెట్లయి కూర్చుంటుంది. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర ఉండాల్సిన 4.5 వోల్టులు ఎటో పోతాయి, నోటు సగంలో తెగుతుంది. ఏసీ128 జతతో నేనొకటి కట్టాను. డిసెంబరులో అమృతం, ఏప్రిల్ వచ్చేసరికి దగ్గొచ్చినవాడి గొంతు. మన ఎండలకు సిలికాన్ బీసీ108 లేదా బీసీ109 వేసుకోండి, ప్రాణం హాయిగా ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఏసీ128 పీఎన్‌పీ రకం కాబట్టి ఆ ఫజ్‌లో మామూలుగా ప్లస్సే గ్రౌండ్ (సర్క్యూట్ అంతటికీ ఉమ్మడి తీగ) అవుతుంది. మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్‌కు తగిలిస్తే షార్ట్.

ఇంట్లో వైఫై రౌటర్ అడాప్టర్ ఉంది. పనికొస్తుందా?

వద్దు. అది సాధారణంగా 12 వోల్టులు, పైగా పిన్ను లోపలి భాగం ప్లస్. పెడల్స్‌కు 9 వోల్టులు, లోపల మైనస్, బయట ప్లస్ ఉండాలి. కీబోర్డు అడాప్టర్లలో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి చూడకుండా తగిలించొద్దు. మల్టీమీటర్‌ను డీసీలో పెట్టి, ఎర్ర ప్రోబు పిన్ను లోపల, నల్లది బయట ఆనించండి. అంకె ముందు మైనస్ గుర్తు కనబడితే అది పెడల్‌కు పనికొచ్చే అడాప్టర్. పొరపాటు ఎప్పటికైనా జరుగుతుంది కాబట్టి సప్లై దారిలో 1ఎన్5817 డయోడ్ ఒకటి వరసలో పెట్టేయండి. తిరగబడితే కరెంటు లోపలికే రాదు.

స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, చూడ్డానికి సరదాగా ఉంటుంది. కానీ స్టెయిన్‌లెస్ స్టీలుకు బెజ్జం వేయడం నరకం. బిట్ కోయకుండా రుద్దుకున్న కొద్దీ గట్టిపడుతుంది. నెమ్మదిగా తిరిగే డ్రిల్, కోబాల్ట్ బిట్, మధ్యమధ్యలో నూనె చుక్క ఉండాలి. రేకు పలచన కాబట్టి నాలుగుసార్లు తొక్కితే మూత సొట్టపడుతుంది. ప్లాస్టిక్ డబ్బా మాత్రం వద్దు. లోహం అయితే గ్రౌండుకు కలిసి బయటి గుయ్‌మనే రొదను ఆపుతుంది, ప్లాస్టిక్ ఆపదు.

## బోర్డు, సోల్డరింగ్

సోల్డర్ అంటుకోకుండా గుండ్లు గుండ్లుగా జారిపోతోంది. ఎందుకు?

నూటికి తొంభైసార్లు కారణం ఒకటే. సోల్డర్‌ను ఐరన్ మొన మీద కరిగించి, బొట్టును తెచ్చి కాలు మీద పెడుతుంటారు. అలా కాదు. మొనను కాలుకూ రాగికీ కలిపి ఆనించి రెండు సెకన్లు ఆగండి. తర్వాత సోల్డర్ తీగను రెండో వైపు నుంచి కాలుకే తాకించండి, మొనకు కాదు. కాలు వేడెక్కి ఉంటే సోల్డర్ తనంతట తానే నీళ్లలా చుట్టూ పాకుతుంది. చల్లారాక చిన్న గుడి గోపురంలా వాలుగా, మెరుస్తూ కనబడాలి. ముత్యంలా గుండ్రంగా నిలబడితే అది అతకలేదు.

25 వాట్ల ఐరన్, 60/40 సోల్డర్, 0.8 మిల్లీమీటర్ల తీగ చాలు. మొన నల్లబడితే తడి స్పాంజికి తుడిచి, కొత్త సోల్డర్ పూత పట్టించండి. పైపులు అతికించే ఫ్లక్స్ దగ్గరికి రానీయకండి, అందులోని ఆసిడ్ తీగలను తినేస్తుంది. సీలింగ్ ఫ్యాన్ గిర్రున తిరుగుతుంటే మొన చల్లారుతుంది. మన ఎండల్లో ఫ్యాన్ ఆపి కూర్చోమనడం అన్యాయమే గానీ, గాలి పనిమీద పడకుండా పక్కకు జరిగి కూర్చోండి. సోల్డర్‌లో సీసం ఉంటుంది, చేతులు కడుక్కోకుండా మిక్చర్ పొట్లం ముట్టుకోవద్దు.

3పీడీటీ స్విచ్ తొమ్మిది కాళ్లు చూస్తేనే టెన్షన్. ఎలా కలపాలి?

దాన్ని ఒకే స్విచ్ అనుకోకండి. మూడు స్విచ్చులు పక్కపక్కన నిలబడ్డాయి. ఒక్కో నిలువు వరసలో మధ్య కాలు ఒకసారి పైదానితో, ఇంకోసారి కిందిదానితో కలుస్తుంది. మొదటి వరస మధ్యకు ఇన్‌పుట్ సాకెట్, మూడో వరస మధ్యకు ఔట్‌పుట్ సాకెట్. ఈ రెండు వరసల పై కాళ్లను ఒక తీగ ముక్కతో కలిపేయండి, అది బైపాస్, అంటే బోర్డును తాకకుండా గిటారు శబ్దం నేరుగా బయటికి పోయే దారి. మొదటి వరస కింది కాలు బోర్డు ఇన్‌పుట్‌కు, మూడో వరస కింది కాలు బోర్డు ఔట్‌పుట్‌కు. నడిమి వరస ఎల్ఈడీకి. మధ్య కాలు గ్రౌండుకు, కింది కాలు ఎల్ఈడీ మైనస్‌కు. ఎల్ఈడీ ప్లస్‌కు 4.7కే రెసిస్టర్ మీదుగా 9 వోల్టులు.

నిలువేదో అడ్డమేదో అనుమానం వస్తే మల్టీమీటర్ బీప్‌లో పెట్టి తొక్కి చూడండి. ఒక్కో కాలు దగ్గర ఐరన్ మూడు సెకన్లకు మించి ఉంచితే లోపలి ప్లాస్టిక్ మెత్తబడి స్విచ్ బిగుసుకుంటుంది. నేను ఇలా రెండు పాడుచేశాను.

## మోగనప్పుడు

అన్నీ సరిగ్గానే పెట్టాను అన్నా, శబ్దమే లేదు. ఎక్కడ చూడాలి?

ముందు బైపాస్‌లో గిటారు వినిపిస్తోందా చూడండి. వినిపించకపోతే తప్పు సాకెట్లలోనో స్విచ్‌లోనో ఉంది, బోర్డు జోలికి పోవద్దు. బైపాస్ బాగుంటే వోల్టేజీలు కొలవండి. ఒక ట్రాన్సిస్టర్ బూస్టర్‌కు కలెక్టర్ దగ్గర 4 నుంచి 6 వోల్టుల మధ్య ఉండాలి. 9 ఉంటే ట్రాన్సిస్టర్ నిద్రపోతోంది, సున్నా దగ్గర ఉంటే ఎక్కడో షార్ట్.

అదీ బాగుంటే ప్రోబు చేసుకోండి. పాత గిటార్ కేబుల్ ఒకటి కోసి, లోపలి తీగకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికించండి. పై అల్లిక తీగను పెడల్ గ్రౌండుకు కలపండి. కేబుల్ రెండో కొస ఆంప్లిఫయర్‌కు. ఎవరినైనా గిటారు మీటమని కూర్చోబెట్టి, కెపాసిటర్ కాలితో ఇన్‌పుట్ నుంచి ఒక్కో చోటా తాకుతూ పోండి. ఎక్కడ శబ్దం ఆగిపోతుందో దొంగ అక్కడే ఉన్నాడు. బోర్డు మీద పక్కపక్క గీతల మధ్య వెంట్రుకంత సోల్డర్ పడి ఉండటం ఎక్కువగా చూస్తాను. దబ్బనం మొనతో గీకితే పోతుంది.

మూత తీస్తే మోగుతుంది, బిగిస్తే ఆగిపోతుంది. ఇదేం విచిత్రం?

సాకెట్ కాలో బోర్డు అడుగో మూతకు తగులుతోంది. డబ్బా అంతా గ్రౌండే కదా, తగిలితే సిగ్నల్ మాయం. మూత లోపల ఇన్సులేషన్ టేపు రెండు వరసలు అంటించండి, పాట్ల వీపులకు కూడా. కేబుల్ ప్లగ్ లోపలికి దూరినప్పుడు సాకెట్ నాలుక వెనక్కి విచ్చుకుంటుందన్న సంగతి మరచిపోవద్దు. ప్లగ్ పెట్టే మూత వేసి చూడండి.

పెడల్‌లో రేడియో వినిపిస్తోంది!

నవ్వకండి, మా ఇంట్లోనే జరిగింది. ఒక సాయంత్రం ఫజ్ ఆన్ చేసి గిటారు ఇంకా ముట్టుకోలేదు, సన్నగా మాటలు మొదలయ్యాయి. పక్క గదిలోంచి మా నాయన "రేడియో ఎవరు పెట్టినారు?" అన్నాడు. చిన్నప్పటి నుంచి 900 కిలోహెర్ట్జ్ మీద విన్న ఆకాశవాణి కడపే అది. పొడుగాటి కేబుల్ ఏరియల్‌లా పనిచేస్తుంది, మొదటి ట్రాన్సిస్టర్ మీడియం వేవ్‌లోంచి మాటను విడదీస్తుంది, ఫజ్ దాన్ని వందల రెట్లు పెంచుతుంది. ఇన్‌పుట్ తీగలో 10కే రెసిస్టర్ ఒకటి వరసలో, దాని తర్వాత గ్రౌండుకు 100 పీకోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి పెట్టండి. గిటారు శబ్దం అలాగే ఉంటుంది, స్టేషన్ పోతుంది. మూత కూడా గ్రౌండుకు కలిసేలా చూసుకోండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి రాగానే గుయ్‌మంటోంది.

పెడల్ తప్పు కాదు. పాత ఇన్వర్టర్లు స్క్వేర్ వేవ్ ఇస్తాయి. 50 హెర్ట్జ్‌తో పాటు దాని పిల్లలు, పిల్లల పిల్లలు కూడా వచ్చి గిటారు పికప్‌లో (తీగల కదలికను కరెంటుగా మార్చే భాగం) దూరతాయి. ఆ కాసేపు పెడల్‌ను బ్యాటరీ మీద నడపండి, ఇన్వర్టర్‌కు దూరంగా గిటారును అటూ ఇటూ తిప్పి రొద తక్కువున్న కోణంలో నిలబడండి.

స్విచ్ తొక్కినప్పుడు టప్ మంటోంది.

ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు ఒకటి, ఔట్‌పుట్ నుంచి గ్రౌండుకు ఒకటి 1 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టండి. కెపాసిటర్లలో పేరుకున్న చార్జి వాటిగుండా కారిపోతుంది.

చర్చి మిక్సర్‌కు నేరుగా కలిపితే తేనెటీగల తుట్టె కదిపినట్టుంది. పెడల్ చెడిపోయిందా?

చెడిపోలేదు. గిటార్ ఆంప్లిఫయర్ స్పీకరు 5 వేల హెర్ట్జ్ దాటాక చాలా వరకు శబ్దాన్ని మింగేస్తుంది. డిస్టార్షన్, ఫజ్ సర్క్యూట్లన్నీ ఆ స్పీకరును నమ్ముకునే పుట్టాయి. మాట స్పష్టంగా వినిపించాలని చేసిన మైకు బాక్సులు మాత్రం పైశబ్దాలను దాచకుండా అన్నీ బయటపెడతాయి. మిక్సర్ మీద హై నాబ్ బాగా తగ్గించండి, గెయిన్ సగానికి దించండి. తరచూ మిక్సర్‌కే వాయించేవాళ్లు క్యాబినెట్ సిమ్యులేటర్ (గిటార్ స్పీకరులా శబ్దాన్ని మలిచేది) ఒకటి చివర్లో పెట్టుకోవడం మేలు. మా దగ్గర పెడల్ కట్టుకున్న పిల్లల్లో సొంత గిటార్ ఆంప్లిఫయర్ ఉన్నవాళ్లు తక్కువే, అందుకే ఈ ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి నోరు అరిగింది.

## డబ్బా, రంగు, అక్షరాలు

బెజ్జాలు ముందా, రంగు ముందా?

బెజ్జాలు, రంగు, తర్వాతే వైరింగ్. ఈ వరస తప్పితే ఏడుపే. ఫుట్ స్విచ్‌కు 12 మిల్లీమీటర్లు, సాకెట్లకు 9.5, పాట్‌లకు 7 లేదా 8. రంగు పొర బెజ్జాన్ని కాస్త బిగిస్తుంది కాబట్టి అర మిల్లీమీటరు ఎక్కువే వేయండి. ముందు సెంటర్ పంచ్‌తో గుంట కొట్టి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి, తర్వాత స్టెప్ బిట్ దించండి. పంచ్ లేకపోతే కాంక్రీటు మేకు. డబ్బాను చేత్తో పట్టుకుని డ్రిల్ వేయొద్దు. బిట్ పట్టేసిందంటే డబ్బా ఫ్యాన్ రెక్కలా తిరుగుతుంది.

రంగు గోరుతో గీకితే పెచ్చుగా లేచిపోతోంది. ఏం చేయాలి?

అల్యూమినియం మీద కంటికి కనబడని ఆక్సైడు పొర ఉంటుంది, రంగు దానిమీద నిలవదు. నేను చేసే పద్ధతి ఇది. మా పెరట్లో మిగిలిపోయిన కడప బండ ఒకటుంది, పాలిష్ పట్టినది, అద్దంలా చదును. దానిమీద 320 నంబరు వాటర్ పేపరు పరిచి, నీళ్లు చల్లి, డబ్బాను బోర్లించి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుతాను. అచ్చు గుర్తులు, ఎత్తుపల్లాలు పోయి, మొత్తం ఒకే బూడిదరంగులోకి వచ్చేదాకా. చేత్తో పేపరు పట్టుకుని రుద్దితే అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, బండ మీద అలా కాదు. కడిగి ఆరబెట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచి, వేలు తగలకుండా అదే రోజు మెటల్ ప్రైమర్ కొట్టేయండి. గాలి తగలగానే ఆ పొర మళ్లీ మొదలవుతుంది, తెల్లవారేదాకా ఆగొద్దు.

స్ప్రే కొడితే ఉప్పు కాగితంలా గరుకుగా వస్తోంది.

మధ్యాహ్నం కొట్టి ఉంటారు. మన ఎండకు రంగు తుంపరలు గాలిలోనే ఆరిపోయి పొడిలా వాలతాయి. పొద్దున ఆరు, ఏడు గంటల మధ్య కొట్టండి. నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచండి, పెద్ద అట్టపెట్టెను పక్కకు పడేసి దాని లోపల పెట్టండి. ఒక జానెడు దూరం నుంచి, పలచగా, పావుగంట ఎడంతో మూడు నాలుగు పూతలు. ఒక్కసారే దట్టంగా కొడితే కారుతుంది. ముట్టుకుంటే అంటనంతగా ఆరాక మిద్దె మీద ఎండలో పెట్టొచ్చు, అప్పుడు ఎండే మన పొయ్యి. తడిగా ఉన్నప్పుడు పెడితే మాత్రం బుడగలొస్తాయి. వారం దాకా నట్లు బిగించొద్దు.

పౌడర్ కోటింగ్ చేయించొచ్చా?

గేట్లకు, బీరువాలకు చేసే షాపులో ఇవ్వండి. స్ప్రే కంటే చాలా గట్టిది. 180, 200 డిగ్రీల ఓవెన్‌లో పెడతారు కాబట్టి ఖాళీ డబ్బా మాత్రమే ఇవ్వాలి. మరలు దిగే చోట్లు టేపుతో మూయమని చెప్పండి. ఇంటికొచ్చాక ఇన్‌పుట్ సాకెట్ బెజ్జం చుట్టూ లోపలి వైపు పూత గీకేయండి, లేకపోతే డబ్బాకు గ్రౌండు అందదు.

పేర్లు తెలుగులో రాయించుకోవాలనుంది. ఎలా?

బండ్ల నంబర్లు కత్తిరించే రేడియం షాపులో అడగండి. సన్న అక్షరాలు పనికిరావు. వత్తులు, దీర్ఘాల తోకలు యంత్రం కత్తికి లేచిపోతాయి, "వాల్యూమ్"లో య-వత్తు ఊడి "వాలూమ్" అవుతుంది. ఎనిమిది మిల్లీమీటర్లకు తగ్గకుండా, లావుపాటి అక్షరాలు ఎంచుకోండి. ఇంకా తెలివైన దారి వత్తుల్లేని పేర్లు పెట్టడం. ఒక పిల్లాడు వాల్యూమ్‌కు "మోత" అని, గెయిన్‌కు "కారం" అని రాయించుకున్నాడు. సీమవాడనిపించుకున్నాడు. అంటించాక పైన క్లియర్ లాకర్ రెండు పలుచని పూతలు కొట్టండి, అంచులు లేవవు.

ఫెర్రిక్ క్లోరైడ్‌తో డబ్బా మీదే బొమ్మ చెక్కొచ్చా?

చెక్కొచ్చు, నిమ్మలకుంట తోలుబొమ్మల గీతలు అలా చాలా అందంగా వస్తాయి. కానీ రాగి బోర్డులా చాలాసేపు నానబెట్టేది కాదిది. అల్యూమినియం తగలగానే బుసబుసా పొంగి వేడెక్కుతుంది. ఆరుబయట, ప్లాస్టిక్ టబ్బులో, చేతి తొడుగులు వేసుకుని, కొన్ని సెకన్లు ముంచి తీసి కడుగుతూ చేయండి. వంటింటి స్టీలు సింకులో పోస్తే మచ్చ పోదు, ఇంట్లోవాళ్ల తిట్లూ పోవు.

మూత బిగించే ముందు ఇంకేమైనా చేయాలా?

చిన్న కాగితం మీద తేదీ, ఏ ట్రాన్సిస్టర్ వేశారు, ఏ రెసిస్టర్ మార్చారు, కలెక్టర్ దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయో రాసి మూత లోపల అంటించండి. ఆర్కెస్ట్రా ఆయన మొన్న ఒక డబ్బా తెచ్చి, "ఎవరు కట్టినారో గానీ లోపలంతా గందరగోళం, చూసి పెట్టన్నా" అన్నాడు. విప్పి అరగంట కుస్తీ పట్టాక, బోర్డు మూలన ఉన్న కాలిన గుర్తు చూసి పోల్చుకున్నాను. నాలుగేళ్ల కిందట నేను కట్టిందే.